అవతలి ఒడ్డున బడి

ఆ ఏడాది నాచు బాగా పెరిగింది. మే నెల మొదటి కోతకే ఒక్కో ఆకు మనిషి నిలువున్నర ఉంది. దాసిమా అంటాం మేం దాన్ని. అరటాకంత వెడల్పు, తోలంత మందం. చీకటితోనే పడవల మీద వెళ్లి కోసి ఒడ్డుకు చేర్చి, గులకరాళ్ల మీద వలలు పరిచి, ఆకు మీద ఆకు పడకుండా ఎండేయాలి. ఒక్క ఎండలో ఎండిపోవాలి. మధ్యలో చినుకు పడిందా, చేసిన చాకిరీ అంతా సముద్రంలో కలిసినట్టే.

అలాంటి రోజున పొద్దుటి లాంచీలో ఇద్దరు మనుషులు దిగారు. ఒకామె విద్యాశాఖ నుంచి వచ్చింది, పేరు ప్యో ఉన్‌సల్. రెండో అతను అవతలి ఒడ్డున ఉన్న పెద్ద దీవి పోలీసు. కోతల కాలంలో మా జుక్‌సం దీవికి నాచు కొనేవాడు తప్ప బయటి మనిషి రాడు. రాళ్ల మీద వంగి ఉన్నవాళ్లంతా నడుములెత్తి చూశారు. ఆ ఇద్దరూ ఎవరినో దారి అడిగి మా ఇంటి వైపు తిరిగారు.

మా ఇంట్లో అప్పటికి నలుగురం. నేను, నా కొడుకు తేసిక్, కోడలు మ్యోంగ్‌హీ, తొమ్మిదేళ్ల మనవరాలు సోడమ్. అంతకు రెండున్నరేళ్ల ముందు అయిదుగురం.

మా దీవిలో ఉన్న చిన్న బడిని పిల్లలు చాలడం లేదని ఎప్పుడో మూసేశారు. మనవడు హన్‌బ్యోల్ పెద్ద దీవిలో బడికి రోజూ లాంచీలో వెళ్లి వచ్చేవాడు. ఒకనాడు మధ్యాహ్నం గాలి లేచి లాంచీ ఆపేశారు. పిల్లవాడు అక్కడ చిక్కుకుపోయాడని తేసిక్ మా నాచు పడవ వేసుకుని వెళ్లాడు. అంతకంటే పెద్ద గాలుల్లో వెళ్లివచ్చినవాడే. తిరుగుదారిలో కెరటం పడవను బోర్లించింది. తేసిక్ ఆ సాయంత్రమే దొరికాడు. పిల్లవాడు మూడో రోజు దొరికాడు.

మ్యోంగ్‌హీ నా కొడుకుని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మా వైపు బిడ్డల తల్లిని ఆమె పేరుతో పిలవరు, పెద్ద బిడ్డ పేరుతో పిలుస్తారు. అంతవరకూ ఆమె ఊరందరికీ హన్‌బ్యోల్ వాళ్లమ్మ. ఆ తర్వాత కొన్నాళ్లు ఆమెను ఏమని పిలవాలో ఎవరికీ తెలియక ‘ఇదుగో’ అనీ ‘అమ్మాయ్’ అనీ నెట్టుకొచ్చారు. ఒకరోజు దుకాణం దగ్గర ఎవరో “సోడమ్ వాళ్లమ్మా” అని పిలిచారు. ఆమె తిరిగి చూసి, పలికింది. ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ చలికాలమంతా అలా గోడవైపే పడుకుంది. గంజి కాచి పెడితే తాగేది, లేకపోతే లేదు.

మార్చిలో బళ్లు తెరిచారు. సోడమ్ తనంతట తనే జడ వేసుకుని, బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడి, లాంచీకి వేళవుతోంది అంది. మ్యోంగ్‌హీ అప్పుడు లేచింది. నెలల తరబడి నడవని కాళ్లు తూలుతుంటే గోడ పట్టుకుని వచ్చి, పిల్ల భుజం మీంచి బ్యాగు తీసింది. కూర్చో, నేను చెబుతాను అంది. పెళ్లికాక ముందు ఊళ్లో పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషే.

ఆనాటి నుంచి ఆమె తెల్లవారేసరికి లేచేది. పక్కలు మడిచి, మొహం కడిగి, తల దువ్వుకుని, మేం అన్నం తినే పొట్టి బల్లను శుభ్రంగా తుడిచి దాని ముందు కూర్చునేది. నేను పక్కన వెల్లుల్లి ఒలుచుకుంటూ వినేదాన్ని. నాకు చదువు రాదు. విని విని కొన్ని అక్షరాలు నాకూ పట్టుబడ్డాయి. బడివాళ్లు ఫోన్ చేస్తే పిల్ల ఇంట్లో చదువుకుంటోందని మ్యోంగ్‌హీ చెప్పేది. వాళ్లూ మా ఇంట్లో జరిగినది తెలిసినవాళ్లు కాబట్టి గట్టిగా అడగలేకపోయారు. అలా రెండేళ్లు నడిచింది.

ఆ వసంతంలో ఎక్కడో దూరాన ఒక పెద్ద నగరంలో ఒక పిల్లవాడు ఇంట్లో చనిపోయాడు. ఇంట్లోనే చదివిస్తున్నామని చెప్పి, కన్నవాళ్లే తిండి పెట్టక, కొట్టి చంపారట. టీవీలో వారం రోజులు అదే. బడికి రాని ప్రతి పిల్లనూ ఇంటికి వెళ్లి కళ్లారా చూడాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అందుకని మా ఇంటికి వచ్చారు.

ప్యో చెప్పులు గుమ్మంలో విడిచి, నాకు వంగి దండం పెట్టి లోపలికి వచ్చింది. మాట మెత్తగానే ఉంది. అడిగి అడిగే అన్నీ తెరిచింది. ఫ్రిజ్ తెరిచింది, బియ్యం డబ్బా తెరిచింది, పిల్ల పడుకునే గది తలుపు తెరిచింది. పోలీసు మాత్రం లోపలికి రాకుండా వాకిట్లో నిలబడ్డాడు. తర్వాత ప్యో సోడమ్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, చొక్కా చేతులు ఒకసారి పైకి మడవమంది.

పిల్ల మోచేతుల దగ్గర గీతలున్నాయి. ఇవేమిటని అడిగితే, నాచు పరిచేటప్పుడు రాళ్లు గీసుకున్నాయని చెప్పింది. రోజూ పని చేస్తావా అని అడిగింది ప్యో. సోడమ్ జవాబు చెప్పబోయి, ముందు తల్లి మొహం చూసింది. ఆ చూపును ప్యో గమనించింది. ఆమె గమనించిందని మ్యోంగ్‌హీ గమనించింది. వాకిట్లో పోలీసు అటు తిరిగి సముద్రం చూస్తున్నాడు.

అప్పటిదాకా నోరు విప్పని నా కోడలు అప్పుడు మాట్లాడింది. గొంతు పెంచలేదు.

“ఎక్కడో ఇంట్లో ఉన్న బిడ్డ చచ్చిపోయాడని మీరు మా ఇంటికొచ్చారు. నా బిడ్డ బడికెళ్లి చచ్చిపోయాడు. అప్పుడు మీరు ఎవరింటికెళ్లారు?”

ప్యో తల వంచుకునే చెప్పింది. “ఆ నగరంలో పిల్లాడి ఇంటికి కూడా ఫోన్ చేశారండి. బాగున్నాడని వాళ్లమ్మ చెప్పింది. చెప్పింది విని, బాగున్నాడని రాసుకుని ఊరుకున్నారు. రాసుకున్నవాళ్లలో నాకు తెలిసిన మనిషి ఉంది. ఆవిడ ఇప్పుడు ఉద్యోగానికి రావడంలేదు.”

మ్యోంగ్‌హీ సోడమ్ చొక్కా చేతులు కిందికి దించింది.

ఇక నెలకోసారి వచ్చి చూస్తానని చెప్పింది ప్యో. చూసినంత మాత్రాన సరిపోదు, పిల్లను బడిలో చేర్చాలి. చేర్చకపోతే కేసు వేరే శాఖకు వెళుతుంది. చదువు విషయంలో నిర్లక్ష్యం కూడా హింస కిందికే వస్తుందని నిబంధన ఉందని, చెప్పడం ఇష్టంలేనట్టుగా చెప్పింది.

“హింస,” అంది మ్యోంగ్‌హీ. సోడమ్‌కి కొత్త మాట రాయించేటప్పుడు ఎలా పలుకుతుందో అలాగే పలికింది.

మధ్యాహ్నం లాంచీకి నేనే వాళ్లను రేవుదాకా సాగనంపాను. మర్యాద కోసం కాదు, కడుపులో ఉన్న మాట అనడానికి.

“నా తొమ్మిదో ఏట నేనూ ఈ దీవిలోనే ఉన్నానమ్మాయ్,” అన్నాను. “తెల్లారితే నాచు, పొద్దుగూకితే తమ్ముళ్లు. అప్పుడు మీ ఆఫీసోళ్లు ఒక్కరూ నన్ను వెతుక్కుంటూ రాలేదేం?”

ప్యో ఆగి నా వైపు తిరిగింది. “రావలసిందండీ మామ్మగారూ,” అంది.

గుచ్చాలని వచ్చినదాన్ని, లాంచీ కదిలేదాకా ఆమె పక్కనే నిలబడ్డాను.

కోత కాలంలో పోలీసు దీవిలో కాలు పెట్టాడంటే ఊరికి అదొక పండగ. రాళ్ల మీద నాచు పరుస్తూ అందరూ అదే మాట. కొందరు ప్రభుత్వాన్ని తిట్టారు, కొందరు మమ్మల్ని. ఊరిపెద్ద వచ్చి, దీవికి చెడ్డపేరు రాకుండా చూసుకోమని తేసిక్‌కి నచ్చజెప్పి పోయాడు. నాతోపాటు పుట్టి పెరిగిన గుమ్‌దాన్‌కి మాత్రం మాట దాచుకోవడం తెలియదు.

“చేపనైతే ఉప్పేసి జాడీలో పెట్టి మూత బిగించొచ్చు బున్‌రే,” అంది నాతో, నా కోడలికి వినబడేలా. “ఆడపిల్లని ఎన్నాళ్లు పెడతారే అలా? ఊరిపోదూ?”

మ్యోంగ్‌హీ విననట్టే ఆకు సాపు చేస్తూ ముందుకు జరిగిపోయింది. నేను గుమ్‌దాన్‌ని తిట్టాను. తిట్టానే గాని, పొరుగు దీవి పిల్లలు లాంచీ మీద కేరింతలు కొడుతూ మా రేవు దాటిపోతుంటే సోడమ్ చేతిలో నాచు పట్టుకుని అలా నిలబడిపోవడం నేనూ చూశాను.

ఒక మధ్యాహ్నం నాచు తిరగేసేటప్పుడు నేనూ తేసిక్ ఒక్క వల దగ్గర పడ్డాం. నీ మనసులో ఏముందిరా అని అడిగాను. వాడు చాలాసేపు ఆకులు తిప్పుతూనే ఉన్నాడు.

“పిల్ల వెళ్లాలమ్మా,” అన్నాడు చివరికి. “కానీ ఆ మాట నా నోటమ్మట రాకూడదు. ఎవరైనా అనొచ్చు, నేను అనకూడదు.”

జూన్‌లో ప్యో మళ్లీ వచ్చింది, ఈసారి పోలీసు లేకుండా. ఆమె లాంచీ దిగేసరికి పడమట మబ్బు పట్టింది. దీవి మొత్తం రాళ్ల మీదే పరిగెడుతోంది. సగం ఎండిన నాచును చినుకు పడేలోగా పోగు చేసి టార్పాలిన్ కిందికి చేర్చాలి. ప్యో కాసేపు నిలబడి చూసింది. బ్యాగు ఒక బండ మీద పెట్టి, బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, సోడమ్ పక్కన చేరి రెండు చేతులా నాచు ఎత్తుకుంది. ఎలా ఎత్తాలో తెలియక సగం జార్చింది. సోడమ్ నవ్వింది. ఇలా కాదు, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకోవాలని చూపించింది. ఆ పిల్ల నవ్వు విని ఎన్నాళ్లయిందో, మ్యోంగ్‌హీ చేతిలో పని ఆపి అటు చూసింది.

వాన దంచి కురిసి వెళ్లిపోయింది. నాచు దక్కింది. నేను అందరికీ వేడి వేడి బార్లీ నీళ్లు ఇచ్చాను. తాగాక, నిబంధన ప్రకారం పిల్లతో విడిగా మాట్లాడాలంది ప్యో, మొహమాటపడుతూ. మ్యోంగ్‌హీ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. వాళ్లిద్దరూ గదిలో కూర్చుని తలుపు జరుపుకున్నారు. మా ఇంటి తలుపులు చెక్క చట్రానికి అంటించిన కాగితం. వాటి వెనక మాటలు దాగవు.

ప్యో మొదట బొమ్మల గురించి, మా పిల్లి గురించి అడిగింది. తర్వాత, బడికి వెళ్లాలని ఉందా అని అడిగింది. సోడమ్ పలకలేదు. పడవంటే భయమా అని అడిగింది.

“నాకేం భయంలేదు,” అంది సోడమ్.

“మరి?”

పిల్ల గొంతు వినబడింది, పెద్దవాళ్లకు ఏదో సర్దిచెబుతున్నట్టుగా.

“నేను బడికెళ్లిపోతే అమ్మ పొద్దున్నే దేనికి లేస్తుంది?”

వంటింట్లో మ్యోంగ్‌హీ రాత్రి అన్నానికి బియ్యం కడుగుతోంది. నేను గడప మీద కూర్చుని ఉన్నాను, ఆమె వీపు నాకు కనబడుతూనే ఉంది. చేయి ఆగలేదు. నీళ్లు వంపి, మళ్లీ పోసి, మళ్లీ కడిగింది. నీళ్లు ఎప్పుడో తేటపడ్డాయి. ఆమె కడుగుతూనే ఉంది.

ప్యో గదిలోంచి వచ్చి బడి ఊసు ఎత్తలేదు, నిబంధన ఊసు ఎత్తలేదు. ఈ రోజుకి చాలండి అని చెప్పి, తడి బూట్లు చేత్తో పట్టుకుని లాంచీకి వెళ్లిపోయింది.

మర్నాడు కూడా మ్యోంగ్‌హీ తెల్లవారకముందే లేచింది. పక్కలు మడిచింది, తల దువ్వుకుంది, అన్నం వండింది. బల్ల మాత్రం తుడిచి వేయలేదు. సముద్రం మీదికి బయలుదేరుతున్న తేసిక్‌ని వాకిట్లో ఆపింది.

“పెద్ద దీవిలో ఒక గది చూడు. చిన్నదైనా పర్లేదు,” అంది. “నేనూ అదీ అక్కడుంటాం. దాన్ని రోజూ నీళ్లు దాటించలేను. ఒక్కసారైతే దాటిస్తాను.”

తేసిక్ రబ్బరు బూటు ఒక కాలికి వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. నేనూ వస్తాను అన్నాడు.

“నాచెవరు కోస్తారు? అత్తయ్యనెవరు చూస్తారు?”

“శనివారం శనివారం వస్తా మరి.”

మ్యోంగ్‌హీ ఆ మాటకు తల ఊపింది. లోపలికి వెళ్లబోయి ఆగింది.

“గాలి ఉంటే రావద్దు,” అంది.

పడవ బోర్లిన ఆ రోజు గురించి ఆమె నా కొడుకుతో అన్న మాట, ఇన్నాళ్లలో అదొక్కటే. వాడు రెండో బూటు వేసుకోకుండానే వాకిట్లో చతికిలబడ్డాడు. నేను ఇంట్లోకి వెళ్లిపోయాను.

గది ప్యోనే వెతికి పెట్టింది, బడికి దగ్గరలో, ఒక మందుల దుకాణం పైన. తర్వాత జరిగినది చెప్పడానికి ఎక్కువ లేదు. సోడమ్ బడిలో తొందరగానే కలిసిపోయింది. లెక్కల్లో అందరికంటే ముందుందని టీచర్లు చెప్పారు. మ్యోంగ్‌హీకి బడి వంటశాలలో పని దొరికింది. పొద్దున్నే లేవడానికి ఒక కారణం మళ్లీ దొరికింది. తేసిక్ మాట ఇచ్చినట్టే ప్రతి శనివారం వెళ్లేవాడు, ఎండు చేపలు, కిమ్చి పచ్చడి జాడీ పట్టుకుని. గాలి ఉంటే వెళ్లేవాడు కాదు. మా సముద్రం మీద చలికాలమంతా గాలే. మొదటి చలికాలం వాడు రేవుదాకా వెళ్లి, నీళ్లు చూసి, తిరిగొచ్చేవాడు. రెండో చలికాలానికి రేవుదాకా వెళ్లడం కూడా మానేశాడు. వాళ్లు తగవు పడలేదు, విడాకులు అడగలేదు. ఒకరి గురించి ఒకరు నన్ను అడిగి తెలుసుకునేవారు. మళ్లీ మేం నలుగురం ఒక్క కప్పు కింద పడుకున్నది లేదు.

ప్రభుత్వం చేసింది తప్పని నేను అనను. పిల్ల బాగుపడింది. అయినా మా ఇల్లు ఆ కాలంలోనే విడిపోయింది. ఈ రెండూ నిజమే, ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని కొట్టేయడం నాకు చేతకాలేదు.

తల్లీకూతుళ్లు వెళ్లిన రోజు మాత్రం చెబుతాను.

వానలు దిగడానికి రెండు మూడు రోజుల ముందు. ఎండ మెరుస్తోంది. పెద్ద దీవిలో సంత రోజు కావడంతో లాంచీ నిండా మనుషులు, వెల్లుల్లి మూటలు. గుమ్‌దాన్ కూడా మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లాంచీ నడిపే సరంగు చోయ్ ఎప్పటిలాగే ఎక్కేవాళ్లందరినీ ఏడిపిస్తున్నాడు. మ్యోంగ్‌హీ రేవు మీదికి వచ్చేసరికి ఆపేశాడు.

కొడుకుని మట్టి చేసినప్పటి నుంచి ఆమె ఏ పడవలోనూ అడుగు పెట్టలేదు. లాంచీలోకి వేసిన పలక మీద కాలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. ఎవరూ తొందర పెట్టలేదు. ఎవరూ చేయి కూడా అందించలేదు, సోడమ్ తప్ప. నేనూ తేసిక్ రేవు అంచునే నిలబడ్డాం. లోపలికి వెళ్లగానే ఆమె బల్ల కింద పెట్టె తెరిచి లైఫ్ జాకెట్ ఒకటి తీసింది. ఆ లాంచీ మీద, అందులోనూ అలాంటి ఎండలో, దాన్ని వేసుకున్నవాళ్లను నేనెప్పుడూ చూడలేదు. సోడమ్‌కి తొడిగి పట్టీలన్నీ బిగించింది. అది పిల్లకు మోకాళ్లదాకా వచ్చింది. పొరుగు దీవి పిల్లలు అటు కూర్చుని చూస్తున్నారు. సోడమ్ మొహం ఎర్రబడింది.

“అమ్మా,” అంది మెల్లగా. “ఎవరూ వేసుకోలేదమ్మా.”

మ్యోంగ్‌హీ చేతులు పట్టీ దగ్గరే ఆగిపోయాయి. తల ఎత్తలేదు.

సరంగు తన గదిలోంచి అదంతా చూస్తున్నాడు. మేకుకు వేలాడుతున్న తన జాకెట్ తీసి, దుమ్ము దులిపి, తొడుక్కుని, పైదాకా బిగించుకున్నాడు. గుమ్‌దాన్ ఒళ్లో మూట దించి, పెట్టె దగ్గరికి వచ్చి, నాకూ ఒకటివ్వవే సోడమ్ వాళ్లమ్మా అని చేయి చాపింది. ఆమె వెనక ఇంకొకరు లేచారు. తర్వాత ఆ పిల్లలు. ఒకళ్ల పట్టీలు ఒకళ్లు బిగించుకున్నారు. పెట్టెలో అడుగున ఉన్నవి బూజు వాసన కొడుతుంటే కూడా ఎవరూ వద్దనలేదు.

మ్యోంగ్‌హీ తనకొకటి తొడుక్కుని, పిల్ల పట్టీని గుప్పిట పట్టుకుని కూర్చుంది.

తేసిక్ తాడు విప్పి లాంచీలోకి విసిరాడు. సోడమ్ చేయి ఊపింది. నేనూ ఊపాను. లాంచీ వెనక్కి జరిగి, తిరిగి, పెద్ద దీవి వైపు సాగింది. ఆ రోజు సముద్రం తేటగా ఉంది. ఎంత దూరం వెళ్లినా ఆ జాకెట్ల నారింజ రంగు కనబడుతూనే ఉంది. నాచు తిరగేయాల్సిన వేళ దాటిపోతోందని నాకూ తేసిక్‌కీ తెలుసు. ఆ మాట నేనూ అనలేదు, వాడూ అనలేదు.